‘తల్వార్’ ముగింపు: అనుమానం చివరికి ఎవరి మీద మిగిలింది?

మేఘనా గుల్జార్ దర్శకత్వం వహించిన హిందీ సినిమా ‘తల్వార్’ 2015 అక్టోబర్ 2న విడుదలైంది. రాసింది విశాల్ భరద్వాజ్. ఆ స్క్రీన్‌ప్లేకు ఆయనకు జాతీయ పురస్కారం దక్కింది. దిల్లీని ఆనుకుని ఉన్న నోయిడాలో 2008 మే నెలలో జరిగిన జంట హత్యల కేసు ఈ సినిమాకు ఆధారం. రెండు గంటలకు పైగా నడిచి, కోర్టు తీర్పుతో సినిమా ముగుస్తుంది. తల్లిదండ్రులే దోషులని తీర్పు వస్తుంది. అయినా హాల్లోంచి బయటికి వచ్చే ప్రేక్షకుడు పక్కవారిని అడిగే ప్రశ్న ఒకటే: ఇంతకీ ఎవరు చంపారు?

దీనికి మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. సినిమా ఏదీ తేల్చలేదు, మూడు కథనాలు చూపించి నిర్ణయం మనకే వదిలేసింది అనేది మొదటిది. తేల్చనట్టు కనిపిస్తూనే తల్లిదండ్రులు నిర్దోషులని చెప్పేసింది అనేది రెండోది. రెండింటిలోనూ నిజముంది. అయితే రెండో జవాబు చెప్పేవారు కూడా ఒక అడుగు ముందే ఆగిపోతారు. తల్లిదండ్రుల మీద నుంచి తీసిన అనుమానాన్ని సినిమా గాలిలో వదిలేయలేదు. దాన్ని మరికొందరి మీద పెట్టింది. ముగింపును అర్థం చేసుకోవాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మూడు రాత్రులు, ఒకే ఇల్లు

సినిమాలో పేర్లన్నీ మార్చారు. పద్నాలుగేళ్ల శ్రుతి టాండన్ తన గదిలో హత్యకు గురవుతుంది. ఇంట్లో పనిచేసే ఖేంపాల్ కనిపించడు కాబట్టి పోలీసులు అతనే హంతకుడని తేల్చేస్తారు. మర్నాడు అతని శవం అదే భవనం డాబా మీద దొరుకుతుంది. అసలు కేసులోనూ ఇలాగే జరిగింది. డాబా తలుపు మీద రక్తపు మరకలున్నా, తాళం చెవి దొరకలేదని మొదటి రోజు పోలీసులు దాన్ని తెరవలేదు. దర్యాప్తు మొత్తం ఆ ఒక్క రోజు నిర్లక్ష్యం నుంచి మళ్లీ కోలుకోలేదు. వేలిముద్రలు, రక్తపు జాడలు, పడకగది స్థితి అన్నీ మీడియా వాళ్లూ బంధువులూ ఇరుగుపొరుగూ తిరిగిన తొక్కిసలాటలో పోయాయి.

ఆ రాత్రి ఏం జరిగిందన్నది తెరమీద మూడుసార్లు వస్తుంది. మొదటిది స్థానిక పోలీసుల కథ: కూతురినీ పనివాడినీ కలిసి ఉండగా చూసి తండ్రి చంపేశాడు. రెండోది సీడీఐ అధికారి అశ్విన్ కుమార్ కథ: ఖేంపాల్ గదిలో తాగడానికి చేరిన తోటి పనివాళ్లు ఈ పని చేశారు. సీడీఐ అంటే సీబీఐకి సినిమా పెట్టిన పేరు, అశ్విన్ పాత్ర ఇర్ఫాన్ ఖాన్‌ది. మూడోది కేసు చేతులు మారాక వచ్చిన పాల్ బృందం కథ: మళ్లీ తల్లిదండ్రులే, ఈసారి ఆయుధం గోల్ఫ్ కర్ర. తండ్రి రమేశ్‌గా నీరజ్ కబీ, తల్లి నూతన్‌గా కొంకణా సేన్ శర్మ ప్రతి కథనంలోనూ మరో మనిషిగా మారతారు. ఒక కథలో క్రూరంగా కనిపించే మొహమే మరో కథలో దుఃఖంతో మొద్దుబారి కనిపిస్తుంది. కూతురు చనిపోయినా సరిగా ఏడవలేదన్నది అసలు కేసులో ఆ దంపతుల మీద పడిన తొలి నేరారోపణల్లో ఒకటి. ఒకే నిశ్శబ్దాన్ని రెండు రకాలుగా చదవొచ్చని కొంకణా నటన చూపించినంత స్పష్టంగా ఏ పత్రికా వ్యాసమూ చూపించలేదు.

ఈ నిర్మాణం చూడగానే అందరికీ కురొసావా ‘రషోమాన్’ (1950) గుర్తొస్తుంది. పోలిక సరైనదే కానీ సగమే. రషోమాన్‌లో ఒక హత్యను ముందుగా చెప్పేవారు ఆ అడవిలో స్వయంగా ఉన్నవారు: బందిపోటు, భార్య, ఆఖరికి సోదెగత్తె నోట చనిపోయిన భర్త. తమను తాము గొప్పగా చూపించుకోవడానికి అందరూ అబద్ధం ఆడతారు. చాటునుంచి చూసిన కట్టెలవాడు కూడా మొత్తం నిజం చెప్పడు. ‘తల్వార్’లో కథ చెప్పేవారెవరూ ఆ రాత్రి ఆ ఇంట్లో లేరు. చెబుతున్నది పోలీసులు. వాళ్లు కాపాడుకుంటున్నది పరువు కాదు, ఫైలు. అందుకే రషోమాన్ చూశాక మనిషి స్వభావం గురించి ఆలోచిస్తాం, తల్వార్ చూశాక మాత్రం వ్యవస్థ మీద కోపం వస్తుంది. రెండు సినిమాల అస్పష్టతా ఒక జాతిది కాదు.

సమావేశం గదిలో ఏం జరిగింది

ముగింపు అంటే చాలామంది తీర్పునే గుర్తుపెట్టుకుంటారు. అసలు ముగింపు అంతకు ముందే, రెండు సీడీఐ బృందాలు ఒక బల్లకు అటూ ఇటూ కూర్చుని వాదించుకునే పొడవాటి సన్నివేశంలో జరిగిపోతుంది. ఇది సినిమాలో అందరికంటే బాగా రాసిన సన్నివేశం. నవ్వొస్తుంది కూడా. పిల్ల చనిపోయిన కేసు గురించి మాట్లాడుతూ పెద్ద అధికారులు వెటకారాలాడతారు, ఒకరి సిద్ధాంతాన్ని ఒకరు ఎద్దేవా చేస్తారు. నవ్విన వెంటనే ప్రేక్షకుడికి తన నవ్వు మీద తనకే అసహ్యం పుడుతుంది. చివరికి ఎవరి దగ్గరా సరిపడా సాక్ష్యం లేదు కాబట్టి కేసు మూసేద్దామని తేలుతుంది.

అసలు కేసులోనూ 2010 డిసెంబర్‌లో సీబీఐ క్లోజర్ రిపోర్టు ఇచ్చింది. తండ్రి మీద అనుమానం ఉంది, నిరూపించేంత సాక్ష్యం లేదు అన్నది దాని సారాంశం. 2011 ఫిబ్రవరిలో ఘాజియాబాద్ మేజిస్ట్రేటు ఆ నివేదికను తోసిపుచ్చి, అందులోని విషయాల ఆధారంగానే తల్లిదండ్రులిద్దరినీ నిందితులుగా పిలిచారు. మూసేయమని రాసిన కాగితమే విచారణకు దారి తీసింది. 2013 నవంబర్ 25న ప్రత్యేక సీబీఐ కోర్టు వారిని దోషులుగా నిర్ధారించి, మర్నాడు యావజ్జీవ శిక్ష వేసింది. సినిమా వచ్చేనాటికి వారు జైల్లో ఉన్నారు, అప్పీలు అలహాబాద్ హైకోర్టులో ఉంది.

ఇప్పుడు ఆ సమావేశాన్ని మళ్లీ చూస్తే, రెండు పక్షాలకూ సమానంగా మాట్లాడే అవకాశం ఇచ్చినట్టే ఉంటుంది. సమానత్వం అక్కడితో సరి. అశ్విన్ కుమార్ వెంట కెమెరా సినిమా పొడుగునా నడిచింది. అతని విడాకుల గొడవ మనకు తెలుసు, భార్యగా టబు కనిపించిన కొద్ది సన్నివేశాల్లో అతని ఒంటరితనమూ తెలుసు, ఫోన్‌లో పాము ఆట ఆడే అలవాటూ తెలుసు. కింది అధికారి అతనికి ఎదురు తిరిగితే మనకే వెన్నుపోటు పొడిచినట్టుంటుంది. పాల్ బృందం మాత్రం కథ చివరి భాగంలో దిగుతుంది. ఇంటి జీవితం లేదు, సందేహం లేదు, ఉన్నది తీర్మానమే. పైగా అటు కూర్చున్నది ఇర్ఫాన్. ఆయన సందేహపడితే ప్రేక్షకుడూ సందేహపడతాడు, ఆయన నమ్మితే నమ్ముతాడు. మూడు కథనాలున్నాయి కాబట్టి మూడూ సమానమని లెక్క కట్టడం కుదరదు.

ఇందులో తప్పేముంది అని అడగవచ్చు. సినిమాకు ఒక అభిప్రాయం ఉండటం నేరం కాదు. తల్లిదండ్రుల మీద నడిచిన మీడియా విచారణ ఎంత నీచంగా సాగిందో గుర్తున్నవారికి, దానికి ఎదురుగా ఒక సినిమా నిలబడటం ధైర్యంగానే అనిపించింది. చిక్కల్లా ఆ అభిప్రాయం దేని మీద నిలబడింది అన్న దగ్గరే.

మత్తులో చెప్పిన మాట

అశ్విన్ కథనానికి ఆయువుపట్టు నార్కో పరీక్ష. కాంపౌండర్ కన్హయ్యాకు మందు ఇచ్చి ప్రశ్నలడుగుతారు. మత్తులో అతను చెప్పే మాటల మీదుగా ఆ రాత్రి తెరమీద జరుగుతుంది. మాటగా విన్నది బొమ్మగా కనిపించగానే ప్రేక్షకుడికి అది సాక్ష్యంలా అనిపిస్తుంది. కళ్లారా చూశాం కదా!

సినిమా రావడానికి ఐదేళ్ల ముందే, 2010 మే 5న, ‘సెల్వి వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక’ కేసులో సుప్రీంకోర్టు ఈ పరీక్షల సంగతి తేల్చింది. మనిషి ఇష్టం లేకుండా నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదంది, ఎందుకంటే మత్తులో ఉన్న మనిషికి తన జవాబుల మీద అదుపు ఉండదు. దాని వల్ల దొరికిన వస్తువునో సమాచారాన్నో మాత్రం పరిశీలించవచ్చు. మందు ఎక్కిన మనిషి నిజమే చెబుతాడన్నది సినిమాలు మనకు నేర్పిన నమ్మకం. అడిగేవాడి ప్రశ్నలోని సూచననే అతను తిరిగి చెప్పవచ్చు, ఊహనూ జ్ఞాపకాన్నీ కలిపేయవచ్చు.

అసలు కేసులో 2008లో అరెస్టయిన ముగ్గురు ఇంటిపని, క్లినిక్ పని చేసేవారి మీద సీబీఐ ఎన్నడూ చార్జిషీటు వేయలేదు. గడువులోగా వేయలేకపోవడంతో వాళ్లు విడుదలయ్యారు. ఏ కోర్టూ వాళ్లను విచారించలేదు. విచారించనే లేదు కాబట్టి నిర్దోషులని ప్రకటించడమూ జరగలేదు. తల్లిదండ్రుల తరఫున వాదించడానికి పెద్ద లాయర్లు, రాసిన పాత్రికేయులు, చివరికి ఒక మంచి సినిమా ఉన్నాయి. ఆ ముగ్గురి తరఫున తెరమీద మాట్లాడేవారు ఎవరూ లేరు. ‘సినిమా ఏదీ తేల్చలేదు’ అనేవారు ఈ అసమానతను చూడరు.

గోడ అవతలి గది

ఈ కేసు దిల్లీ మధ్యతరగతిని అంతగా ఎందుకు వణికించిందో తెలియాలంటే అక్కడి ఇళ్లు తెలియాలి. కరోల్ బాగ్ లాంటి పాత పేటల్లో డాబా మీద ఒంటి గది ఉంటుంది, దాన్ని బర్సాతీ అంటారు. అద్దెకు ఉండే కుర్రవాడో, పనివాడో అందులో ఉంటాడు. కరోల్ బాగ్ మీదుగా పోయే మెట్రో బ్లూ లైన్ 2009 నవంబర్‌లో యమున దాటి నోయిడా చేరింది, అంటే ఈ హత్యలు జరిగిన ఏడాదిన్నరకు. అప్పటికే నోయిడాలో కట్టిన ఫ్లాట్లలో పనివాడు డాబా మీది నుంచి దిగి ఇంటి లోపలికి వచ్చేశాడు. కేసు జరిగిన ఫ్లాట్‌లో అతని గదికి రెండు తలుపులు. ఒకటి ఇంట్లోకి, ఇంకొకటి బయటికి.

మొత్తం వాదన ఆ రెండో తలుపు చుట్టూనే తిరిగింది. అది ఉంది కాబట్టి బయటివారు రాగలరు అని ఒక పక్షం. ఇల్లు లోపలినుంచి మూసి ఉంది, ఉన్నది నలుగురే, ఇద్దరు చనిపోయారు, మిగిలింది ఇద్దరే అని రెండో పక్షం. పక్క గదిలో ఇంత జరిగితే వినిపించదా అన్న ప్రశ్నకు, ఏసీ నడుస్తోందన్నది తల్లిదండ్రుల జవాబు. ఒకే కప్పు కింద పడుకునే మనుషుల గురించి ఆ కుటుంబానికి ఎంత తెలుసు? పోలీసుల కథలో పనివాడు కూతురి గదిలోకి వెళ్లాడన్న భయం. అశ్విన్ కథలో పనివాడి గదిలోకి ఎవరెవరో వచ్చారన్న భయం. రెండూ యజమానుల భయాలే. సినిమా ఈ రెండింటి మధ్య ఊగుతుంది తప్ప ఖేంపాల్ ఎవరు, అతని ఊళ్లో ఎవరున్నారు, అతనికి ఏం కావాలి అన్నవైపు దాదాపు వెళ్లదు. రెండు హత్యల సినిమాలో ఒక హతుడి గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. ‘తల్వార్’లో నిజంగా మిగిలిపోయిన ఖాళీ అదే అనిపిస్తుంది. హంతకుడి పేరు లేకపోవడం దాని తర్వాతిది.

దర్శకుడైన న్యాయమూర్తి

2017 అక్టోబర్ 12న అలహాబాద్ హైకోర్టు ఆ దంపతులను నిర్దోషులుగా విడుదల చేసింది. సినిమాలో ఒక్క షాట్ మారలేదు కానీ ముగింపు మారిపోయింది. అంతకుముందు చేదుగా ఉన్న చివరి ఘట్టం, ఆ తర్వాత చూసినవారికి సరిదిద్దిన పొరపాటులా కనిపించింది.

ఈ తీర్పులో సినిమావారు చదవాల్సిన భాగం ఒకటుంది. ధర్మాసనంలోని జస్టిస్ అరవింద్ కుమార్ మిశ్రా తన విడి అభిప్రాయంలో, కింది కోర్టు న్యాయమూర్తి లెక్కల మాస్టారులా కొన్ని అంకెలు ముందే అనుకుని జవాబు సాధించారని విమర్శించారు. అక్కడితో ఆగకుండా, చెల్లాచెదురుగా ఉన్న విషయాలను సినిమా దర్శకుడిలా బలవంతంగా ఒక కథగా కూర్చారని కూడా అన్నారు. కోర్టులో కథ చెప్పడం తప్పని కోర్టే చెప్పిన సందర్భం ఇది. నిజానికి ఈ కేసులో తొలి పోలీసు ప్రెస్ మీట్ నుంచి ప్రతి ఒక్కరూ చేసింది దర్శకత్వమే.

హైకోర్టు హంతకులెవరో చెప్పలేదు, చెప్పడం దాని పని కూడా కాదు. ప్రత్యక్ష సాక్షులు లేని కేసుల్లో పరిస్థితుల గొలుసు ఎక్కడా తెగకుండా ఉండాలని 1984లో శరద్ బిర్దిచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలు చెప్పి, వాటిని పంచశీల అంది. రెండు రకాల అర్థాలకు చోటుంటే నిందితుడికి మేలు చేసే అర్థాన్నే తీసుకోవాలి. ఇంట్లో ఉన్నది మీరే కాబట్టి ఏం జరిగిందో మీరే చెప్పాలి అనే ముందు, ప్రాసిక్యూషన్ తన భారం తాను మోయాలి. బయటివారు వచ్చే అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయలేమని హైకోర్టు అంది. అది ఫలానావారు వచ్చారని చెప్పడం కాదు.

ఇక్కడే సినిమాకూ కోర్టుకూ తేడా. కోర్టులో అనుమానం మిగిలితే అది ఎవరి పద్దులో పడాలో చట్టంలో రాసి ఉంది. సినిమా హాల్లో అలాంటి నియమం లేదు. అక్కడ మిగిలిన అనుమానం, దాన్ని దులుపుకునే శక్తి లేనివారి మీద వాలుతుంది.

హైదరాబాద్‌కు వచ్చిన దిండు గలీబు

ఈ కేసు అస్పష్టతకు ఒక చిన్న కొస హైదరాబాద్‌లో ఉందన్నది తెలుగువారిలో చాలామందికి గుర్తుండదు. కాంపౌండర్ గది నుంచి స్వాధీనం చేసుకున్న ఊదారంగు దిండు గలీబును పరీక్షకు హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీకి, అంటే డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రానికి, పంపారు. చనిపోయిన పనివాడి డీఎన్‌ఏ దాని మీద ఉందని 2008 నాటి నివేదికలో ఉంది. ఆ వాక్యం నిజమైతే కేసు మొత్తం మరోవైపు తిరుగుతుంది. 2011లో, డిఫెన్స్ ఆ వాక్యాన్ని ఎత్తి చూపాక, అది టైపింగ్ పొరపాటని, రెండు గలీబుల నంబర్లు తారుమారయ్యాయని వివరణ వచ్చింది. ఆ వివరణను నమ్మాలా వద్దా అన్న దాని మీద ఏళ్లపాటు వాదనలు నడిచాయి.

డిటెక్టివ్ యుగంధర్ నవలలతో పెరిగిన తెలుగు పాఠకుడికి ఆఖరి పేజీలో పేరు దొరకాలి. వంశీ ‘అన్వేషణ’ (1985) కూడా ఎంత భయపెట్టినా చివరికి హంతకుడిని చూపించే ఇంటికి పంపింది. ‘తల్వార్’ వచ్చిన ఏడాదే ఇదే కేసు ఛాయలతో మనీశ్ గుప్తా తీసిన ‘రహస్య’ వచ్చింది. అది కథను ముంబైకి మార్చి, కల్పిత హంతకుడిని చూపించి ముగించింది. ప్రశ్న మిగలలేదు, అందువల్లనేమో సినిమా కూడా పెద్దగా మిగలలేదు. మరోవైపు ఆస్ట్రేలియా సినిమా ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’ (1975)లో బడిపిల్లలు కొండల్లో మాయమవుతారు, ఎందుకో చివరిదాకా తెలియదు. మూలనవల రాసిన జోన్ లిండ్సే రహస్యం విప్పే ఆఖరి అధ్యాయం రాసి, ప్రచురణకు ముందు తీసేశారు. ఆమె మరణానంతరం 1987లో అది అచ్చయింది. చదివినవారిలో చాలామంది అది లేకుండానే బాగుందన్నారు. ఆ కథ కల్పితం కాబట్టి జవాబు ఒక సొరుగులో ఉండటానికి వీలైంది. నోయిడా కేసులో అలా దాచిన అధ్యాయం ఎవరి దగ్గరా లేదు.

సినిమా పేరుకు అర్థం న్యాయదేవత చేతిలోని కత్తి. కళ్లకు గంతలు, ఒక చేతిలో త్రాసు అందరికీ గుర్తుంటాయి, రెండో చేతిలోని కత్తికి తుప్పు పట్టిందని సినిమాలో ఒక మాట వస్తుంది. హైకోర్టు తీర్పు మీద సీబీఐ వేసిన అప్పీలును సుప్రీంకోర్టు 2018 ఆగస్టులో విచారణకు స్వీకరించింది. ‘తల్వార్’ను మళ్లీ చూసేవారు ఈసారి ఆ సమావేశం గదిలో ఎవరెవరు కూర్చున్నారో లెక్కపెట్టవచ్చు. అధికారులు, వారి అధికారులు, టీ కప్పులు, ఫైళ్లు. ఆ ఇంట్లో ఉన్నవారు గానీ, అక్కడ పనిచేసినవారు గానీ ఒక్కరూ లేరు.